దిడ్డిలో ఇరుక్కున్న అవ్వ

జనగామ తాలూకా, 1949

బాపుకు దండాలు. అవ్వను మిలిటరీ వాళ్లు పట్టుకుపోయారని తొర్రూరులో ఎవరైనా అంటే నమ్మకు. అవ్వ నా పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

అవ్వ చూస్తానంటే గుట్ట మీది పాత కోటకు తీసుకెళ్లాను. పెద్ద దర్వాజా కూలిపోయింది కాబట్టి రాకపోకలన్నీ గోడలోని చిన్న దిడ్డి నుంచే. మేము తిరిగి వస్తుంటే సంఘం పిల్లలిద్దరు మమ్మల్ని దాటుకుని బయటికి ఉరికారు. వాళ్ల వెనకే జవాన్లు. అంతలో అవ్వ దిడ్డిలో ఇరుక్కుపోయింది. నేను బయటి నుంచి లాగాను, జవాన్లు లోపలి నుంచి తోశారు.

"మెల్లగ నాయినా, బొక్కలిరుగుతయ్" అంది అవ్వ.

గుట్ట కింద, కోట చూడవచ్చిన వాళ్లకు పాత విగ్రహాలు చూపించే గది ఉంది. దాని కాపలాదారు సాంసన్ ఆముదం తెచ్చి రాసేదాకా అవ్వ కదల్లేదు. అప్పటికి పిల్లలు అడవిలో పడ్డారు.

"వాళ్లెవరో ఎరికేనా?" అని పోలీసు జమేదారు అడిగాడు.

"నా పానం పోతాంటే మొఖాలెక్కడ చూస్త బిడ్డా?"

అతనికే నవ్వొచ్చి వదిలేశాడు.

బర్రె ఈనిందా? పాలెవరు పిండుతున్నారు? మిరపకాయలు ఎండబెట్టించు. తమ్మునికి దగ్గు తగ్గిందా? వాడు చల్లగా ఉండాలి.

ఒక మాట. పొద్దున లోపలికి పోయేటప్పుడు అవ్వ అదే దిడ్డిని నాకంటే ముందు, నెత్తిన సద్దిమూటతో దాటింది. అందుకే ఈ కార్డు టపా డబ్బాలో వేయక, బండి తోలే కట్టయ్య చేతికిస్తున్నాను. చదివి పొయ్యిలో పెట్టు.

నీ బిడ్డ
రాజవ్వ