అక్కయ్య బీరువా తాళం

చెల్లాయికి,

అక్కయ్య ఆశీస్సులు. ఫోన్లో మెసేజి పెట్టకుండా ఈ ఉత్తరమేంటని నోరెళ్ళబెట్టకు. మా ఇంట్లో ఫోన్లన్నీ బీరువాలో పెట్టి తాళమేశాను. నెల్లాళ్ళదాకా తీసేది లేదు. ఇప్పుడు భోజనాలయ్యాక మీ బావగారూ, పిల్లలూ నా చుట్టూ చేరి ఒకటే కబుర్లు! మా నవ్వులకి పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకుంటున్నారు.

ఉంటాను,
అక్కయ్య

తా.క.: నువ్వు మాత్రం ప్రయత్నించకు. ఫోన్లు రిపేరు చేసే మనిషి పెళ్ళానివి, నీవల్లయ్యే పనా?

*

అక్కయ్యకి,

నమస్కారాలు. నీ ఉత్తరం చదివి ఒళ్ళు మండిపోయింది. నవ్వులు నీ ఒక్కదాని సొత్తా? వెంటనే ఇంట్లో కనబడ్డ ఫోన్లన్నీ ఏరి ట్రంకుపెట్టెలో పడేసి తాళం బిగించాను. అంతే, ఇల్లు కళకళలాడిపోతోంది! పొద్దున లేచేసరికి గుమ్మంలో జనం. హాల్లో కూర్చోడానికి చోటు లేదు. అందరూ నన్నే అడుగుతున్నారు.

నీకేం తీసిపోని
చెల్లి

తా.క.: టీలు పెట్టలేక చస్తున్నాననుకో. అదృష్టం కదూ!

*

చెల్లాయికి,

ఆ జనమెవరే? మీ అత్తవారివైపు వాళ్ళేనా? తోడబుట్టినదాన్ని, నేను గుర్తురాలేదా? కుళ్ళుకుంటున్నానని అనుకోకు. అనుకున్నా తప్పులేదు, కుళ్ళుకుంటూనే ఉన్నాను. ఆదివారం అందరం దిగుతున్నాం.

పిలవకపోయినా వచ్చే
అక్కయ్య

తా.క.: మీ బావగారు నీ ఉత్తరం నాలుగుసార్లు చదివారు. నేను రాసిచ్చే కూరగాయల చీటీ ఇంతవరకూ ఒక్కసారైనా పూర్తిగా చదవలేదు.

*

అక్కయ్యా,

నీ కాళ్ళు పట్టుకుంటాను, రావద్దు! వాళ్ళు చుట్టాలు కాదు. మా ఆయన బాగుచేద్దామని ఇంటికి తెచ్చిన ఫోన్లు కూడా ఆ పెట్టెలోనే పడేశాను. వీళ్ళంతా ఆ ఫోన్ల తాలూకు మనుషులు. తాళంచెవి ఎక్కడ పెట్టానో చచ్చినా గుర్తురావట్లేదు. మా ఆయన ఇన్నేళ్ళకి నా మొహంలోకి సూటిగా చూసి మాట్లాడారు. ఏమన్నారో మాత్రం రాయను. మీ ఇంటిల్లిపాదీ నవ్వుకుంటున్నారు, నువ్వే అదృష్టవంతురాలివి.

ఏడుపుమొహం
చెల్లి

తా.క.: ఫోను కోసం వచ్చిన ఒకాయన మా వంటింట్లో కారుతున్న కుళాయి బాగుచేసి పెట్టాడు. మా ఆయనకి రెండేళ్ళుగా చెబుతున్నాను.

*

చెల్లాయికి,

నీ దగ్గర దాచేదేముంది? మొదటి ఉత్తరంలో రాసినవన్నీ కోతలే. ఫోన్లు లాక్కున్నాక నలుగురం ఫ్యాను వంక చూస్తూ కూర్చునేవాళ్ళం. నవ్వులు మొదలైంది నీ ఉత్తరం వచ్చాకే. మీ బావగారు పైకి చదవడం, పిల్లలు పొట్టలు పట్టుకోవడం. పొద్దస్తమానం "పిన్ని ఉత్తరం వచ్చిందా?" అని ఒకటే గోల. పక్కనే కూర్చున్న నేను ఎవరికీ కనబడను, ఎక్కడో ఉన్న నువ్వు ముద్దొచ్చావు! కడుపు రగిలిపోయింది. అందుకే ఫోన్లు తీసి బల్లమీద పడేసి, నీ ఉత్తరాలు బీరువాలో పెట్టి తాళమేశాను.

నీమీద కోపంతో,
అక్కయ్య

తా.క.: ఫోన్లు ఎవరూ ముట్టుకోలేదు. ముగ్గురూ తాళంచెవి కోసం నా కొంగు పట్టుకుని తిరుగుతున్నారు. ఇచ్చేస్తానా ఏంటి! నువ్వు మాత్రం త్వరగా ఇంకోటి రాయి.