పటిక వేసినా చావని పురుగు

ఏవండీ,

హర్షితకి విరేచనమైన ప్రతిసారీ ఓఆర్ఎస్ కొంచెం కొంచెంగా చెంచాతో పట్టండి. పొయ్యి మీద గిన్నెలో కాచిన నీళ్ళున్నాయి, వాటిలోనే కలపండి. కళ్ళు గుంటలు పడినా, ఉచ్చ పోయకపోయినా నాకు ఫోన్ చేస్తూ కూర్చోకుండా బండి మీద కొవ్వూరు ఆసుపత్రికి తీసుకెళ్ళండి. అత్తయ్యగారు పక్కనే ఉన్నారు గానీ నీళ్ళు మాత్రం ఆవిడని ముట్టుకోనివ్వకండి.

బిందెలో కాలవ నీళ్ళు పారబోశాను. "పటిక వేశాం కదే, అద్దంలా తేరాయి" అంటారావిడ. పటికకి మట్టి దిగుతుంది, పురుగు చావదు. ఎన్నిసార్లు చెప్పాలండీ? మన నాట్లకొచ్చిన ఆడవాళ్ళకీ అవే పోశారు. ముగ్గురు మంచాన పడ్డారు.

పంచాయతీ ఆఫీసు ముందు ధర్నాకి కూర్చోడానికి వెళ్తున్నాను. కాలవలోకి లెట్రిన్ పైపులు వదిలిన పదకొండు ఇళ్ళ పేర్లు రాశాను. మొదటి పేరు మీదే. ఊరందరి పైపులూ పీకమని అరిచి మన పైపు దాచుకోమంటారా? మీ కూతురు తాగింది ఆ నీళ్ళేనండీ. సాయంత్రంలోగా పైపు మూయించి గుంత తవ్వించడం మొదలెడితే మీ పేరు కొట్టేస్తాను. లేదంటే మైకులో చదువుతాను.

వీరవేణి

పిల్ల నిద్రలో నాన్నా నాన్నా అంటోంది. సబ్బుతో చేతులు కడుక్కుని ఎత్తుకోండి.