బట్టీకెళ్ళిన కుండ

గర్న్సీ దీవి, 1943

చెల్లీ ఒలివ్,

చేపలావిడ చేత పంపుతున్నాను. చదివి పొయ్యిలో వెయ్యి.

జర్మన్లు రేడియోలు లాక్కున్నాక మాది చిక్కుడుగింజల కుండలో దాచాను. మీ బావ బుద్ధి గడ్డి తిని, ప్రతి శనివారం రాత్రి అలవాటు కొద్దీ ఆ కుండనే రొట్టెలు కాల్చే టోరోడ్ బట్టీలో ఉడకబెట్టమని ఇచ్చొచ్చాడు! తెల్లారి సంగతి తెలియగానే పరుగెత్తాను. వరుసలో నా ముందు జర్మన్ సిపాయి.

టోరోడ్ కుండ అందించాడు. చల్లగా ఉంది. నా ప్రాణం లేచొచ్చింది.

"నీళ్ళు పోద్దామని మూత తీశానమ్మా. మీ గింజలు ఉడికే రకం కాదు," అన్నాడు గట్టిగా.

సిపాయి కూడా నవ్వాడు.

ఇప్పుడు టోరోడ్ రోజూ మా ఇంట్లో లండన్ వార్తలు విని, రొట్టెతో పాటు ఊరికి పంచుతున్నాడు. రొట్టెలో పొట్టే ఎక్కువ, వార్తలు మాత్రం మేలిరకం. ఈ జర్మన్లింక ఎన్నాళ్ళో ఉండరు. ఆ రోజు పండగ వంటకు నీ కుండ తోమి ఉంచుకో.

మీ అక్క