సరస్సు వైపు గోడ

కుహ్మో,
జూన్ 9, 1978.

అమ్మా హిల్కా,

నీకూ అల్లుడికీ నా ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమమని రాయడానికి ఉన్నది నేనొక్కడినే. నేను క్షేమం. తుర్కులో మీరిద్దరూ బాగున్నారని నీ ఉత్తరం వల్ల తెలిసి సంతోషించాను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. వేళకు తింటున్నాను. రై రొట్టె, బంగాళాదుంపలు, వలలో పడిన రోజు చేపలు. కాఫీ తగ్గించలేదు. మోకాలు పరవాలేదు. పైకప్పు కారడం లేదు. దోమలు మాత్రం ఈ ఏడు తొందరగా వచ్చాయి.

మంచు కరగగానే ఇంటి లోపలి పని మొదలుపెట్టాను. పెద్దగది గోడలకు మా నాన్న కొట్టించిన అట్టలన్నీ ఊడదీశాను. వాటి వెనక దుంగలు ఇంకా తేనె రంగులోనే ఉన్నాయి. సందుల్లో పొడి అయిపోయిన నాచు తీసేసి, అడవి నుంచి కొత్త నాచు తెచ్చి చలిగాలి చొరకుండా కూరాను. పొయ్యికి సున్నం వేశాను. నేలను సబ్బుతో, ఇసుకతో తోమాను. మీ అమ్మ తోమితే వచ్చే తెలుపు రాలేదు. కిటికీ తెరలు ఉతికి మళ్ళీ అవే కట్టాను.

అవతలి ఒడ్డు నుంచి వడ్రంగి విల్పు రోజూ పడవలో వచ్చి సాయం చేస్తున్నాడు. నేను నాచు కూరుతుంటే వెనక నిలబడి, “సర్వేయరుగారూ, నాచును బుజ్జగించాలి, పొడవకూడదు. అది నీకేం అపకారం చేసింది?” అంటాడు. డెబ్బై రెండేళ్ళు వచ్చినా అతని నోరు తగ్గలేదు.

ఇక పడకగది సంగతి. నువ్వు రాశావు: “సరస్సు వైపు గోడ జోలికి మాత్రం వెళ్ళకు నాన్నా. ఇంటి బరువంతా దాని మీదే ఉందట, కోస్తే ఇల్లు ఒరిగిపోతుందట. అమ్మ నాకు చెప్పింది.”

నీ ఉత్తరం మంగళవారం వచ్చింది. అప్పటికి విల్పు రంపం ఒక దుంగ దాటింది. గుమ్మంలో నిలబడి చదువుకున్నాను.

“అమ్మాయి ఏమంటోంది?” అన్నాడు విల్పు.

“బాగానే ఉందట.”

“మరి కొయ్యనా, ఆపనా? నీ మొహం చూస్తే ఆపమన్నట్టుంది.”

“కొయ్యి,” అన్నాను.

అంటే నువ్వు వద్దన్నావని తెలిసే కోయించాను. ఎందుకో చెప్పాలి. మీ అమ్మ నీకు చెప్పిన మాట నిజం కాదు. ఆమె అబద్ధమాడలేదు. ఆమెకు ఆ మాట చెప్పింది నేను.

కిందటేడు జులైలో, మంచం మీంచి లేవలేకపోతున్నప్పుడు, “తౌనో, ఇక్కడొక కిటికీ పెట్టించవూ? పడుకునే నీళ్ళు చూస్తాను,” అంది. ఆ గోడ ఇంటి బరువు మోస్తోందని, కోస్తే ఇల్లు నిలవదని చెప్పాను. విల్పును అడగనైనా లేదు. అడిగితే రెండు రోజుల పని అనేవాడు. మీ అమ్మ నమ్మింది. కొలతలు తెలిసినవాణ్ణి కదా. మళ్ళీ అడగలేదు. మూడు నెలలు ఆ గోడకేసే చూస్తూ పడుకుంది.

పడుకున్న మనిషి కోసం కిటికీ పెడితే, ఆమె ఇక లేవదని ఒప్పుకున్నట్టే. నేను ఒప్పుకోలేకపోయాను. ఇంతకు మించి చెప్పుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఆ గోడ మీద ఆమె అంటించిన నీలిపూల కాగితం చిరగకుండా తీసి చుట్ట చుట్టాను. మిగతా మూడు గోడలకూ అలాగే ఉంచాను. కొయ్యబోయే ముందు విల్పు పెన్సిలుతో గోడ మీద బల్ల ఎత్తున గీత పెట్టాడు.

“కిందికి,” అన్నాను.

“కిటికీ ఎక్కడైనా బల్ల ఎత్తునే ఉంటుంది. ఇంకా కిందికి అంటే ఎవరి కోసమయ్యా, కోళ్ళు చూడ్డానికా?”

నేను మీ అమ్మ పక్క మీద, ఆమె వైపు పడుకున్నాను. “నా కళ్ళకు సూటిగా గియ్యి,” అన్నాను.

అతను వంగి గీత గీశాడు. “బూట్లయినా విప్పాల్సింది. మీ ఆవిడ ఔనె చూసుంటే నిన్నూ నన్నూ కలిపి బయటికి తోలేది,” అన్నాడు.

మూడు దుంగలు కోశాం. రెండు వైపులా నిలువు కొయ్యలు బిగించాడు. దుంగలు ఎన్నాళ్ళయినా కుదురుకుంటూనే ఉంటాయని పైన మూడు వేళ్ళ సందు వదిలాడు. ఇల్లు ఒరగలేదు.

అద్దం ఇంకా పెట్టలేదు. గుడ్డ కట్టి ఉంచాను. కోసిన ముక్కలకు వరసగా అంకెలు వేసి వసారాలో పెట్టాను. మళ్ళీ వాటి చోట్లలోనే పెట్టి నాచు కూరవచ్చునని విల్పు అన్నాడు.

అంత్యక్రియల తర్వాత నువ్వు ఈ ఇంటికి రాలేదు. ఎందుకని అడగను. ఒక్కసారి వచ్చి, ఆ మంచం మీద పడుకుని చూడు. మూసెయ్యమంటే మూయిస్తాను. అద్దం పెట్టమంటే పెట్టిస్తాను. నాతో మాట్లాడాలని లేకపోతే, ఏదో ఒకటి విల్పుకు చెప్పి వెళ్ళు. నువ్వున్నంతసేపు నేను పడవలో ఉంటాను.

ఇట్లు,
మీ నాన్న,
తౌనో