ఒరిగిన కుండ, మీ రసమట్టం

నాన్నగారూ,

మీరు చదవలేరని తెలిసే రాస్తున్నాను. ఈ దసరా ఆయుధపూజలో మీ తాపీ, మీరు గోడల మట్టం చూసే రసమట్టం పక్కన నా స్కేలు పెట్టలేదు. పగలు మీతో గోడలు కట్టి, రాత్రి కాలేజీలో చదివి సంపాదించుకున్న ఆర్కిటెక్టు ఉద్యోగం వదిలేశాను. ఇప్పుడు ముందుగా ఏ ప్లానూ గీయకుండా కాన్వాసు మీద చేతికి తోచిన రంగులు పూస్తున్నాను. గోదావరి మట్టితో తోచిన ఆకారాలు చేసి కాలుస్తున్నాను. పూజలో నా మొదటి కుండను పెట్టాను.

చెల్లాయి నవ్వింది. "ఏంటన్నయ్యా, పక్కకి ఒరిగిపోయిందేంటి! నాన్నగారుంటే దీన్నీ పడగొట్టించేవారు."

"పడగొట్టించేవారేనమ్మా. అందుకే ఆయన ఫోటో ముందే పెట్టాను."

ఒక్క వరుస మట్టం తప్పినా గోడ మొత్తం విప్పించిన మేస్త్రీ మీరు. ఆ పట్టుదలే నన్ను చదివించింది. దానికి తల వంచుతాను. కుండను మాత్రం నిటారు చేయను. ఆ వంపు నా చేయి కోరుకున్నది, పొరపాటు కాదు.

పూజ అయ్యాక అందులో నీళ్ళు పోశాను. కుండ ఒరిగే ఉంది. నీళ్ళు మాత్రం సమంగా నిలిచాయి. మీ రసమట్టం అక్కడే ఉంది, కావాలంటే పెట్టి చూసుకోండి.

మీ పెద్దబ్బాయి