పోతమ్మ సాక్ష్యం చెప్పిన రోజు

మద్దిలపాలెం,
విశాఖపట్నం.

చిరంజీవి జ్యోతిర్మయికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమమని రాయడానికి చెయ్యి రావడం లేదు. మీ అమ్మ వరకు క్షేమమే. మోకాలి నొప్పి తగ్గిందా అని అడిగావు. తగ్గలేదు, చెప్పడం మానేసింది. నేను బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. ఫోను ఎత్తనందుకు కోప్పడకు. ఫోన్లో చెప్పగలిగే విషయమైతే చెప్పేవాణ్ణే.

కింది కోర్టులకు జడ్జీలు సరిపోతున్నారా అని తేల్చే కమిటీలో నిన్ను వేశారని, "నువ్వు చదివినంత మాలో ఎవరూ చదవలేదు, నీ అభిప్రాయం రాయి నాన్నా" అని అడిగావు. చదివాను తల్లీ. పది లక్షల జనానికి యాభైమంది జడ్జీలుండాలని లా కమిషన్ చెప్పినప్పుడు నువ్వు పలక పట్టుకుని తిరుగుతున్నావు. నీకు జుట్టు నెరుస్తోంది, అందులో సగంమందైనా ఇంకా రాలేదు. ఆ తర్వాత వచ్చిన ప్రతి కమిటీ పాత ప్రశ్ననే వేసి, పాత జవాబే రాసి, టీ తాగి లేచిపోయింది. మీరూ అంతే చేస్తారని నా నమ్మకం.

నీ తమ్ముడి కేసే చూడు. పోర్టు రోడ్డు మీద ఉమాశంకర్‌ని గుద్ది చంపిన లారీ గవర్రాజుది. నడిపింది అతని కొడుకు చందు. గవర్రాజు డ్రైవరుని ముందుకు తోసి, వాడే నడిపాడన్నాడు. చందు లారీ దిగి పారిపోవడం చూసింది ఒక్క పోతమ్మే. జాలరిపేట మనిషి, ఆ వేళ చేపల తట్టతో అటుగా వస్తోంది. ఆమె మాట మీదే పోలీసులు చందు పేరు రాశారు. ఆ ఒక్క మాట జడ్జి ముందు చెప్పించడానికి తొమ్మిదేళ్లు పట్టింది.

జడ్జి బదిలీ అయితే కుర్చీ ఏడాది దాటినా ఖాళీ. పక్క కోర్టు జడ్జి ఇన్‌ఛార్జిగా వచ్చి, పేర్లు పిలిపించి, వాయిదాలిచ్చి వెళ్లిపోయేవాడు. ఆయన్ని ఏమనగలం? ఆయన కోర్టే ఆయనకి మోయలేని బరువు. ఎప్పుడైనా జడ్జి వచ్చి కూర్చుంటే గవర్రాజు లాయరు దేవీప్రసాద్‌కి జ్వరం వచ్చేది. జడ్జికి బదిలీ అయితే గాని తగ్గేది కాదు.

పోతమ్మ మాత్రం బేరం వదులుకుని ప్రతి వాయిదాకీ వచ్చింది.

"ఏటి బావూ, ఈయేల కూడా దొర నేడా?"

"లేడమ్మా."

"అయితే ఆ కుర్సీకే సెప్పీసి పోతాను. అది రాసుకుంటాదేటో అడుగు."

అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వాను, మొదట్లో.

మొన్న మంగళవారం ఏం జరిగిందని అడిగావు. కొత్త జడ్జిగారు వచ్చారు. నీకంటే చిన్నది. నిజంగానే కూర్చుంది, నిజంగానే వింది. పోతమ్మ చూసిందంతా చెప్పింది. "ఆ కుర్రాడు ఇక్కడ ఉన్నాడా? చూపించమ్మా" అన్నారు జడ్జిగారు. వేరే కేసుల ముద్దాయిలతో కలిసి చందు వెనక నిలబడ్డాడు. అప్పటి బక్క కుర్రాడు కాడు. గడ్డం, పొట్ట, కళ్లద్దాలు. పోతమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ అలాగే నిలబడింది.

పోతమ్మ తడబడిందనీ, అందుకే కేసు పోయేలా ఉందనీ మీ అమ్మతో చెప్పాను. అది అబద్ధం. నిజం నీకు రాస్తున్నాను.

నా చేతిలో గొడుగు ఉంది. దాని కొన చందు వైపు తిప్పాను.

దేవీప్రసాద్ దీని కోసమే పుట్టినట్టు లేచాడు. "మేడమ్, చనిపోయినతని తండ్రి సాక్షికి సైగ చేస్తున్నాడు, రికార్డు చెయ్యండి." జడ్జిగారు నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, అదే భరించలేకపోయాను. తల వంచుకుని రాసింది. ఆ తర్వాత పోతమ్మ చందునే చూపించింది. ఇక ఆ వేలికి విలువ లేదు.

బయటికొచ్చాక చెట్టు కింద నన్ను పట్టుకుంది.

"నానప్పుటికే గుర్తుపట్టీసినాను బావూ. మొకం మారిపోనాది గానీ ఆ నిలబడ్డం ఆడిదే, ఎడం కాలు మీద ఒరిగిపోయి. కళ్లు తుడుసుకుంటన్నాను, అంతే. నువ్వేటి సేసినావు?"

నేను గొడుగు వెనక్కి పెట్టుకున్నాను.

"ఇన్నేళ్లూ కుర్సీని నమ్మినావు. నన్ను నమ్మనేకపోనావా?"

తిట్టి ఉంటే బాగుండేది. తట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది.

గవర్రాజునీ, దేవీప్రసాద్‌నీ, మీ కమిటీలనీ తిట్టడానికి నా దగ్గర ఇంకా మాటలున్నాయి. నా దగ్గరికొచ్చేసరికి లేవు. అన్నేళ్లు ఆగినవాణ్ణి, ఆమె కళ్లు తుడుచుకునేదాకా ఆగలేకపోయాను.

నువ్వడిగిన అభిప్రాయం ఇదే. కుర్చీ ఖాళీగా ఉంటే కేసు ఆగుతుందంతే అని మీరు అనుకుంటారు. ఎదురుచూసే మనిషి ఈలోగా చెడిపోతాడు. తీరా జడ్జి వచ్చేసరికి ఆమె ముందు కూర్చోవడానికి కూడా పనికిరాడు. వచ్చే నెల చందుని వదిలేస్తారు. మీ పట్టికలో పరిష్కారమైన కేసులు ఒకటి పెరుగుతుంది. అది చూపించి జడ్జీలు సరిపోతున్నారని మీలో ఎవరో ఒకరు రాస్తారు. వాళ్లు రాసుకోనీ. నువ్వు మాత్రం సంతకం పెట్టకు.

ఇంకొకటి. మీ అమ్మ రోజూ పోతమ్మని శపిస్తోంది. వింటూ కూర్చుంటున్నాను. నాకు నోరు రావడం లేదు. ఈ ఆదివారం వచ్చి, నిజం నువ్వే చెప్పు. నేను పక్కనే కూర్చుంటాను, లేచి పోను.

ఇట్లు,
నీకూ ఉమాశంకర్‌కీ నాన్న,
శ్రీరామ్మూర్తి