అంచున పోయిన పేరు

మంగళవారం, చిల్కానగర్

బోర్డు ఆట పెట్టె మీద ఇద్దరి పేర్లూ వేస్తానని నాచారం ప్రెస్సులో నా భాగస్వామి భుజంగరావు మాట ఇచ్చి నలభై ఏళ్లయింది. ఆట నాది. పెట్టె మీద పేరు మాత్రం అతనిదొక్కటే.

అందుకే ఈసారి ఎవరినీ నమ్మలేదు. కొత్త ఆట నేనే గీసి, జనం ఇంట్లోనే ప్రింట్ తీసి కత్తిరించుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టాను. ప్రతి పేజీ అడుగునా నా పేరు వేశాను.

ఈ రోజు ఉప్పల్ జిరాక్స్ షాపులో ఒకామె ఆ ఆటే ప్రింట్ తీయిస్తోంది. పొంగిపోయి అడిగాను: "ఎవరు చేశారమ్మా ఇది?"

"ఏమో అంకుల్, పేరు గిట్ల ఏం లేదు. మా ఇంట్ల మస్తు ఆడుతున్రు."

కాగితం తీసుకుని చూశాను. నిజంగానే లేదు. షాపతను నవ్వాడు. "అంచుకు పెడితే ప్రింటర్ల రాదు సార్. జర పైకి పెట్టాలె. చేసినాయన ప్రెస్సు మొకం సూసినట్టు లేడు!"

ముప్పై ఏళ్లు ప్రెస్సులో బతికినవాణ్ని, కాగితం ఆమెకిచ్చేసి ఇంటికొచ్చాను. ప్రెస్సులో పెద్ద కాగితం మీద వేసి, తర్వాత అంచులు కోసేవాళ్లం. ఆ అలవాటే ముంచింది. ఇప్పటికే ఎన్ని ఇళ్లలో పేరు లేకుండా ఆడుతున్నారో... పేరు పైకి జరపాలని ఫైలు తెరిచాను, మూశాను, మళ్లీ తెరిచాను.

ఈ డైరీలో కూడా తప్పు నాదేనని రాయడానికి చెయ్యి రావడం లేదు. అంచుదాకా అచ్చు వేయడం నాకు నేర్పింది కూడా ఆ భుజంగరావే.